చెల్లి ముద్ద

పదకొండేళ్ల వయసులో నేను ఒక కుక్కని చూసి ఓర్వలేకపోయాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు. మా అమ్మ ఆ కుక్కకి అన్నం పెట్టే తీరు చూసుంటే మీకైనా కళ్లు కుట్టేవి.

అప్పుడు మేం డాలస్ పక్కన కాపెల్‌లో ఉండేవాళ్లం. ఎనభైల మొదటి రోజులు. మా వీధిలోనే కాదు, ఆ ఊళ్లోనే ఎక్కడా మరో తెలుగు ఇల్లు ఉన్నట్టు మాకు తెలియదు. నాన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. ఆరింటికి వచ్చి, అన్నం తిని, వార్తలు చూస్తూ సోఫాలోనే నిద్రపోయే మనిషి. నాకు అక్కాచెల్లెళ్లు లేరు, అన్నదమ్ములు లేరు. అమ్మకి నేను, నాకు అమ్మ. ఈ లెక్కలోకి మూడోవాళ్లు ఎవరూ రాకూడదని నా గట్టి అభిప్రాయం. అలాంటిదాన్ని, కుక్క కావాలని రెండేళ్లు ఏడ్చి సాధించింది మాత్రం నేనే. చేజేతులా తెచ్చుకోవడమంటే ఇదే.

అసలు సంగతి అంతకుముందే మొదలైంది. నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా అమ్మే చేత్తో కలిపి పెట్టేది. నేను కార్పెట్ మీద బోర్లా పడుకుని బొమ్మలకి రంగులు వేసుకుంటూ ఉంటే, పళ్లెం పట్టుకుని పక్కన కూర్చునేది. "ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది తాతయ్య ముద్ద, ఇది మావయ్య ముద్ద" అంటూ నేను ఎన్నడూ సరిగ్గా చూడని చుట్టాలందరినీ ఒక్కొక్కళ్లనే నా నోట్లోకి పంపేది. ఎవరి ముద్ద తినకపోతే వాళ్లు అలుగుతారు. అలా మా వంశవృక్షం అంతా నాకు పెరుగన్నంతో పాటు ఒంటబట్టింది.

ఒక శనివారం బడిలో నాతో చదివే అమ్మాయి మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చింది. మేం ఆటలో ఉండగా అమ్మ ఎప్పటిలాగే పళ్లెంతో వచ్చి, నా నోట్లో ముద్ద పెట్టింది. ఆ పిల్ల ఆట ఆపి, అమ్మ వేళ్ల వంక, నా నోటి వంక మార్చి మార్చి చూసింది. సోమవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆ కథ అందరికీ తెలిసిపోయింది. ఎవడో నన్ను బేబీ అన్నాడు. ఇంకొకతె తన చెయ్యి నోట్లో పెట్టుకుని నటించి చూపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి, "ఇంక నాకు హ్యాండ్‌తో పెట్టొద్దు! డిస్గస్టింగ్!" అని అరిచాను. అమ్మ సింకు దగ్గరికెళ్లి చెయ్యి కడుక్కుంది. ఆ రాత్రి నా పళ్లెం పక్కన చెంచా పెట్టింది, మర్నాడూ పెట్టింది.

నాకు మర్నాటికే కోపం పోయింది. చెంచాతో పెరుగన్నం తింటే ఇనుము నాకినట్టుంటుంది. కానీ మళ్లీ పెట్టమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అమ్మే బతిమాలుతుంది, అప్పుడు సరేనందాం అనుకున్నాను. అమ్మ బతిమాలలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత రెండేళ్లకి కుక్క వచ్చింది. ఎవరూ పెంచుకోని కుక్కల్ని ఉంచే చోటికి నాన్న నన్ను తీసుకెళ్లాడు. మట్టి రంగు ఆడకుక్క, ఏడాది వయసు, ఒక చెవి నిలబడి ఉండేది, ఇంకోటి వాలి ఉండేది. అమ్మకి అసలు ఇష్టం లేదు. "ఇంట్లో కుక్కేమిటండీ, మడీ తడీ లేకుండా? వాకిట్లో కట్టేస్తారా అంటే, పడగ్గదిలోకి తెస్తామంటారు" అని నాన్నతో పోట్లాడింది. తిండి పెట్టడం, తిప్పడం, శుభ్రం చెయ్యడం అన్నీ నావేనని ఒట్టేయించుకుని మరీ ఒప్పుకుంది.

వచ్చిన కుక్క తిండి ముట్టలేదు. నేను గిన్నెలో పోసిన ఎండు తిండిని వాసన చూసి, వంటింటి మూలకి వెళ్లి పడుకుంది. ఒక రోజు, రెండు రోజులు, మూడో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి, వంటింటి నేల మీద అమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఎడం చేతిలో గిన్నె. కుడి చేతిలో పెరుగన్నం ముద్ద. కుక్క అమ్మ మోకాలి మీద మూతి ఆనించి, ఆ ముద్దని ఎంతో మర్యాదగా నాలుకతో అందుకుంటోంది.

"ఆ గులకరాళ్లు ఏం తింటుందే పాపం. ప్రాణమున్న జీవం కదా" అంది అమ్మ, నా వంక చూడకుండానే.

ఆ రోజు నేను సంతోషించాననే గుర్తు. మర్నాడు కూడా అదే దృశ్యం. వారానికల్లా అది అలవాటైంది, నెలకల్లా అది పండగైంది. అమ్మ మెత్తగా పిసికి, మీగడ వేసి, ఒక్కో ముద్దా చేసి, "ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద" అని కుక్కతో చెప్పేది. మా తాతయ్య ముద్ద కుక్కకి! మా మావయ్య ముద్ద కుక్కకి! చివరి ముద్ద చేతిలో పెట్టుకుని నన్ను చూసి నవ్వుతూ, "ఇది అక్క ముద్ద" అనేది. నేను కుక్కకి అక్కనట. వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. తలుపు ధడాలున వేసి నా గదిలోకి పోయేదాన్ని.

పిలుపు కూడా పోయింది. కుక్కకి ఏం పేరు పెట్టాలా అని నేనూ నాన్నా ఇంకా వాదించుకుంటూ ఉండగానే, అమ్మ దాన్ని 'చిట్టితల్లీ' అనడం మొదలుపెట్టింది. అది ఆ పిలుపుకి పరుగెత్తుకొచ్చింది. చిట్టితల్లిని నేను. పదేళ్లుగా నేను. ఇంకొకళ్లు ఆ పేరుకి పలుకుతున్నారని తెలిసిన రోజున, నన్ను ఏమని పిలుస్తున్నదీ గమనించడం మొదలుపెట్టాను. 'ఏమే' అంటోంది.

ఇర్వింగ్ నుంచి ఒక ఆంటీ వచ్చినప్పుడు ఆ తంతు చూసి నోరు నొక్కుకుంది. "కుక్కకి గోరుముద్దలేమిటండీ, విడ్డూరం కాకపోతే! ముందు పిల్లకి పెట్టండి, ఎలా చిక్కిపోయిందో" అంది. ఆ ఆంటీ అంటే నాకు అప్పటిదాకా పడేది కాదు. ఆ రోజు నుంచి ఇష్టమైంది. అమ్మ మాత్రం నవ్వేసి ఊరుకుంది.

కుక్కకి ఒక జబ్బు ఉండేది. కనిపించిందల్లా మింగేది. కాదు, అబద్ధమెందుకు, కనిపించిందల్లా కాదు. అమ్మ చెయ్యి తగిలిందల్లా మింగేది. అమ్మ గిన్నెలు తుడిచే గుడ్డ సగం మింగింది. అమ్మ జాకెట్టు హుక్కులు రెండు కొరికి మింగింది. కర్ర గరిటె చివర నమిలేసింది. అమ్మ తలలో పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు ఒకసారి దాని పొట్టలోంచి ఎలా బయటికొచ్చాయో నేను వర్ణించను, శుభ్రం చేసింది నేనే కనుక ఆ మాత్రం హక్కు నాకుంది. అమ్మ వేళ్ల వాసన ఎక్కడుంటే అక్కడ అన్నం ఉన్నట్టు దాని లెక్క. డాక్టరు ఒకసారి చూసి, వయసొస్తే తగ్గుతుంది, అప్పటిదాకా కింద ఏమీ ఉంచకండి అన్నాడు.

నా వస్తువు ఒక్కటీ అది మింగలేదు. ఇది కూడా నాకు కష్టంగానే ఉండేది. ఒక సాయంత్రం ఎవరూ లేకుండా చూసి, నా మేజోడు విప్పి దాని మూతి ముందు పెట్టాను. వాసన చూసింది. తుమ్మింది. లేచి అమ్మ ఉన్న గదిలోకి వెళ్లిపోయింది.

ఆ ఏడాది ఎండాకాలంలో అమ్మ ఆవకాయ పెట్టింది. మెక్సికన్ అంగడిలో పచ్చి మామిడికాయలు దొరికిన వారమంతా మా ఇంట్లో హడావిడే. మామూలు కత్తికి టెంక తెగదు. కట్టెలు కొట్టడానికి కొన్న చిన్న గొడ్డలిని నాన్న వేణ్నీళ్లతో కడిగి, గరాజ్‌లో చెక్క దుంగ మీద కాయల్ని నరికేవాడు. లోపలి జీడి తీసి, పొర తుడిచి, ఒక్కో ముక్కకీ గట్టి టెంక అంటుకుని ఉందో లేదో అమ్మ చూసుకునేది. టెంక లేని ముక్క నాన్న లెక్కలో ఆవకాయ కాదు. "టెంక ఉంటేనే ముక్క నిలుస్తుంది, లేకపోతే నెలకల్లా అంతా పచ్చడైపోతుంది" అని ఏటా చెప్పిందే చెప్పేవాడు.

భోజనాలయ్యాక మా పళ్లేల అంచున ఆ టెంక పెంకులు మిగిలేవి. ఒక రోజు అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉండగా, బల్ల కింద నుంచి కుక్క నా మోకాలిని మూతితో తాకింది. నూనె వాసనకి వచ్చినట్టుంది. అది నా దగ్గరికి దానంతటది రావడం అదే మొదటిసారి. చెప్తే నవ్వుతారు, నాకు గుండె ఝల్లుమంది. చేతిలో ఉన్న పెంకుని కారం పోయేదాకా గబగబా చప్పరించి, బల్ల కిందికి దింపాను. అది నా వేళ్లని నాకి, పెంకుని కొరకకుండా గుటుక్కుమనిపించింది. తలెత్తి నన్నే చూసింది. అమ్మని కాదు, నన్ను.

మర్నాడు అన్నాల వేళకి అది అమ్మ పక్కన కాకుండా నా కుర్చీ కింద పడుకుంది. అమ్మ కొంచెం ఆశ్చర్యంగా చూసి, "ఏమే చిట్టితల్లీ, అక్క మీద ప్రేమ పుట్టుకొచ్చిందే ఇవాళ" అంది. నేను తల దించుకుని ఆవకాయ ఇంకో రెండు ముక్కలు వేసుకున్నాను. నాకు కారం పడదు. కళ్లనీళ్లు కారుతున్నా తిన్నాను. వారం రోజులు రోజుకి రెండో మూడో పెంకులు బల్ల కిందికి పోయాయి. ఆ వారం అంత బాగా నేను ఎన్నడూ నిద్రపోలేదు.

ఎనిమిదో రోజు కుక్క అన్నం ముట్టలేదు. తొమ్మిదో రోజు తాగిన నీళ్లు కూడా కక్కింది. వీపు వంచి, పొట్ట లోపలికి లాక్కుని, నిలబడలేక, పడుకోలేక వంటింట్లో తిరిగింది. అమ్మ ముద్ద పెడితే మూతి పక్కకి తిప్పుకుంది. నాన్న ఆఫీసు పని మీద హూస్టన్ వెళ్లి ఉన్నాడు. అమ్మ ఫోన్ చేస్తే అవతల నుంచి నాన్న అరుస్తున్నది నాకు వినిపించింది. "ఎన్నిసార్లు చెప్పాను? కుక్కకి పెరుగన్నాలేమిటి? నీ చేత్తో నువ్వే దాన్ని చంపుతున్నావు!" అమ్మ ఫోన్ పెట్టేసి, గోడకానుకుని కాసేపు నిలబడింది. నాకు చెప్పాలనిపించింది. నోటి దాకా వచ్చింది. కానీ ఇంకో సంగతి కూడా అనిపించింది, అదీ చెప్తాను. ఇంక ముద్దలు మానేస్తుందిలే అని నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది.

అమ్మకి లైసెన్సు ఉంది గానీ, కిరాణాకి, మా బడికి తప్ప కారు తీసేది కాదు. హైవే అంటే చచ్చేంత భయం. ఒకసారి నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, నాన్న వచ్చేదాకా తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది కానీ హైవే ఎక్కలేదు. ఆ రోజు మాత్రం కుక్కని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో నా ఒళ్లో పడుకోబెట్టి, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ స్తోత్రమేదో చదువుకుంటూ హైవే ఎక్కేసింది. ట్రక్కులు పక్కనుంచి పోతుంటే కళ్లు కూడా ఆర్పలేదు. నా ఒళ్లో అది మూలుగుతూ ఉంది. నాకు జ్వరం వచ్చిన రోజు తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు.

డాక్టరు తెల్ల మీసాల పెద్దాయన. కుక్కని ఉక్కు బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు. అమ్మ ఇంగ్లీషు అంగట్లో సరిపోయేది, ఆయన దగ్గర సరిపోలేదు. ఇద్దరి మధ్యా నేను నిలబడ్డాను.

"చెప్పవే. రోజూ నా చేత్తోనే పెట్టానని చెప్పు. పెరుగన్నం తప్ప ఇంకేం పెట్టలేదని చెప్పు. అది పడకపోయుంటే తప్పు నాదేనని చెప్పు" అంది అమ్మ.

నేను చెప్పాను. మా అమ్మ రోజూ దానికి చేత్తో అన్నం తినిపిస్తుంది, తప్పు తనదేనంటోంది, అని చెప్పాను. అంత నమ్మకంగా నేను ఇంకెప్పుడూ ఎవరి మాటనీ అనువాదం చెయ్యలేదు.

అన్నం వల్ల ఇలా కాదన్నాడాయన. పేగు ఒకచోట ఉబ్బి ఉంది, కానీ అడ్డం పడ్డది ఏమిటో ఫిల్ములో కనిపించడం లేదు, ఇనుమో ఎముకో అయితే తెలిసేది, ఇది వట్టి జబ్బైనా కావచ్చు, తెలియకుండా పొట్ట కొయ్యడం మంచిది కాదు, సెలైన్ ఎక్కించి రేపటిదాకా చూద్దాం అన్నాడు. రేపటిదాకా ఉంటుందా అని అమ్మ అడగమంది. అడిగాను. ఆయన భుజాలు కొంచెం ఎత్తి, నా వైపే వంగి, గట్టిదేమైనా మింగిందా, బొమ్మ గానీ, మొక్కజొన్న కండె గానీ, పండు గింజ గానీ, ఆలోచించి చెప్పు అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు వాటంతటవే జేబుల్లోకి పోయాయి.

"ఏమంటున్నాడు?"

"ఏమైనా మింగిందా అని."

"ఏం మింగలేదని చెప్పు. నా కళ్ల ముందే కదా తినేది. నా చెయ్యే దానికి పడలేదు" అంది అమ్మ. కుక్క కళ్లు మూసుకుని ఉంది. అమ్మ గొంతు విని, కళ్లు తెరవకుండానే తోక ఒకసారి బల్ల మీద కొట్టింది. చావబోతూ కూడా అమ్మకే! అది పోతే ఇంట్లో మళ్లీ మేమిద్దరమే అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పలేను. వచ్చింది. వచ్చి కాసేపు ఉంది కూడా.

అమ్మ చీర కొంగుతో దాని నోటి పక్క నురగ తుడిచింది. తర్వాత తన కుడిచేతిని తనే చూసుకుంది, ఎవరిదో చెయ్యి చూసినట్టు. "దీన్ని బతికించమని చెప్పవే. బతికితే చాలు. ఇంక జన్మలో ఎవ్వరికీ ఈ చేత్తో అన్నం కలిపి పెట్టనని చెప్పు. దేవుడి మీద ఒట్టు" అంది.

ఎవ్వరికీ.

నేను ఆ మాట అనువాదం చెయ్యలేదు. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్న చెయ్యి అది. కుక్కకి పెడుతోందని ఏడ్చాను గానీ, పెడుతున్నంతకాలం ఎప్పటికైనా నా వంతు వస్తుందని ఎక్కడో ఒక ఆశ ఉండేది. ఇప్పుడు నా కళ్ల ముందే ఆ చేతికి ఒట్టేసి తాళం పెట్టేస్తోంది. డాక్టరు నా సమాధానం కోసం చూస్తున్నాడు. అమ్మకి అర్థం కాకూడదని గబగబా ఇంగ్లీషులో చెప్పేశాను. నేనే పెట్టాను, మామిడి టెంక, గట్టి పెంకులు, పచ్చట్లోవి, వారం రోజులు, అమ్మకి తెలియదు, అమ్మ తప్పేమీ లేదు. ఎంతుంటుంది ఒక్కోటీ అని అడిగాడు. వేళ్లతో చూపించాను. ఆయన అప్పుడే అటు తిరిగి, లోపలున్న నర్సుని కేకేశాడు.

అమ్మకి అంత ఇంగ్లీషు రాదని నేననుకున్నాను. 'మ్యాంగో' రాదా? నా వేళ్ల మధ్య సందు చూస్తే, రోజూ టెంక చూసుకుని ముక్కలేరే మనిషికి తెలియదా? అమ్మ నా వంక ఒక్కసారి చూసింది. వాళ్లు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. ఇంటి ముందు కారాపి, "ఆకలేస్తోందా?" అని అడిగింది. లేదన్నాను. నిజానికి వేస్తోంది.

కుక్క బతికింది. పేగులో ఒకదానికొకటి చిక్కుకున్న నాలుగు పెంకుల్ని తీశారు. వాటిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. మర్నాడు సాయంత్రం నాన్న వచ్చి, ఆ సీసాని దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "ఇవి మన ఆవకాయ టెంకలు కదే! ఎవరు పెట్టారు దీనికి?"

నేను సోఫా వెనక నిలబడి ఉన్నాను.

"నేనే పెట్టాను" అంది అమ్మ.

"నీకేమన్నా మతి పోయిందా?"

"పోయింది. కాళ్లు కడుక్కుని రండి, వడ్డిస్తాను."

నాన్న గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ సీసా మాత్రం అమ్మ పారెయ్యలేదు, వంటింటి కిటికీలో పెట్టింది.

కుక్క మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంది. ఇంట్లో అమ్మా, నేనూ. నేను కోరుకున్నది అచ్చంగా ఇదే. కానీ అమ్మ దాని ఖాళీ గిన్నె పక్కన నేల మీద కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. ఉన్నప్పుడు అది వంటింట్లో ఒక మూలే ఆక్రమించింది, లేనప్పుడు ఇల్లంతా ఆక్రమించింది. మూడో రోజు మధ్యాహ్నం ఇంక ఉండబట్టలేక అడిగాను.

"నాన్నకి లై ఎందుకు చెప్పావ్?"

"ఆవకాయ పెట్టింది నేనే కదా. అబద్ధమేముంది."

"నా మీద యాంగ్రీ లేదా నువ్వు?"

"ఎందుకు లేదు? చెంపలు వాయించేద్దామన్నంత ఉంది" అంది అమ్మ. "ముందు ఎందుకు పెట్టావో చెప్పు."

"అది నిన్నే లైక్ చేస్తుంది. నువ్వు దాన్నే లైక్ చేస్తావు." "నువ్వు దానికి ముద్దలు పెడతావు. చిట్టితల్లి అంటావు. నాకు పెట్టవు. నాకు స్పూన్ పెడతావు!"

అమ్మ ఖాళీ గిన్నెని పక్కకి జరిపింది.

"నువ్వు వద్దన్నావు. అది వద్దనలేదు" అంది. ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

అమ్మే మళ్లీ అంది, "డిస్గస్టింగ్ అన్నావు. ఏంటో ఆ మాట నాకు తెలియలేదు. మీ నాన్నని అడిగితే చెప్పలేదు. డిక్షనరీలో చూసుకున్నాను."

మూడేళ్లు ఆ మాటని నేను మర్చిపోయాను. అమ్మ దాన్ని వెతికి, అర్థం తెలుసుకుని, దాచుకుంది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఈసారి ఓర్వలేక కాదు.

ఆ సాయంత్రం కుక్క ఇంటికొచ్చింది. పొట్ట మీద బొచ్చు గొరిగేసి, కుట్లు వేశారు. వాటిని నాక్కోకుండా మెడ చుట్టూ అడుగు కోసేసిన ప్లాస్టిక్ బకెట్టు తగిలించారు. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు లేకుండా, కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. అమ్మ అన్నం వండి, చల్లార్చి, గిన్నె నా ముందు పెట్టింది.

"నువ్వు పెట్టు. నేను ఒట్టు పెట్టుకున్నాను కదా."

నేను నేల మీద కూర్చుని అన్నం పిసికాను. ముద్ద నిలవలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. బకెట్టులోకి చెయ్యి పెట్టి దాని మూతి దగ్గర పెట్టాను. అది నా చెయ్యి వాసన చూసి, బకెట్టుతో సహా తల తిప్పి, అమ్మ వంక చూసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అమ్మనే చూసింది. ఎంత చేసినా దీనికి బుద్ధి రాదనుకున్నాను.

"అమ్మా, నువ్వే పెట్టు."

"ఒట్టు తప్పితే పాపమే."

"నేను అది ట్రాన్స్‌లేట్ చెయ్యలేదు" అన్నాను. "డాక్టర్‌కి నీ ఒట్టు తెలీదు. నేను చెప్పలేదు. సో అది కౌంట్ అవ్వదు."

అమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. కుక్క వచ్చాక అమ్మ దాన్ని చూసి నవ్విన నవ్వులన్నీ నేను లెక్కపెట్టుకునేదాన్ని. ఇది మాత్రం నాది. లేచి సింకు దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి, నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాలుగు వేళ్లతో నాలుగుసార్లు పిసికేసరికి ముద్ద గుండ్రంగా నిలబడింది. లోపల గట్టిదేమైనా ఉందేమోనని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసింది. కుక్క బకెట్టు ముందుకి చాచి, నాలుక బయటికి తెచ్చింది.

"ఆగు, ముందు అక్కకి" అంది అమ్మ దాంతో.

చెయ్యి నా వైపు వచ్చింది. నేను నోరు తెరిచాను. ఉప్పు లేదు, పెరుగు లేదు, డాక్టరు చెప్పిన చప్పిడి మెతుకులు.

"ఇది చెల్లి ముద్ద" అంది అమ్మ.

నమిలి మింగాను. బకెట్టు లోపల నుంచి కుక్క నన్నే చూస్తోంది. ఏడాదిగా అది నన్ను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఈ వంటింట్లోనే, ఆ గుమ్మం దగ్గర నిలబడి, రోజూ నేను దాన్ని చూసిన చూపే అది.

దాని కళ్లలోకి చూస్తూ, "ఇంకోటి" అన్నాను.